మందుకు చావని పిడుదు

ఆముదపు గింజను ఎప్పుడైనా అరచేతిలో పెట్టుకుని చూశారా? నున్నటి ఒళ్లు, బూడిద రంగు, ఓ కొసన చిన్న బుడిపె. రక్తం తాగి ఉబ్బిన పిడుదు కూడా అచ్చం అలాగే ఉంటుంది! ఇది నేను పెట్టిన పోలిక కాదు. లాటిన్ భాషలో పిడుదును ‘రిసినస్’ అంటారు. గింజ చూడ్డానికి పిడుదులా ఉందనే ఆముదం మొక్కకు ‘రిసినస్ కమ్యూనిస్’ అనే శాస్త్రీయనామం వచ్చింది. పాలమూరు రైతులకు ఈ రెండూ బాగా తెలుసు. ఒకటి చెల్కలో పండేది. రెండోది కొట్టంలో పడి పీడించేది. ఆముదం చేలు తగ్గాయి. పిడుదులు మాత్రం తగ్గలేదు. తగ్గకపోగా, మందు కొట్టినా చావనంత మొండిగా తయారయ్యాయి.

పశువులు లేని ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది చాలా చిన్న విషయంలా అనిపించొచ్చు. పొద్దున్నే గుమ్మం ముందు పడే పాల ప్యాకెట్‌కీ, ఎక్కడో ఆవు చెవిలో నక్కిన పురుగుకీ ఏమిటి సంబంధం? నిజానికి చాలా ఉంది. పిడుదులు, వాటివల్ల వచ్చే జబ్బుల మూలంగా మన దేశం ఏటా దాదాపు 50 కోట్ల డాలర్లు నష్టపోతోందని 2003లో అంతర్జాతీయ నిపుణులు లెక్కగట్టారు. ఆ నష్టం ముందుగా పడేది రెండు ఆవులున్న ఇంటి మీదే. మా చిన్నమ్మ ఇల్లు అలాంటిదే.

మూడు సీసాలు... ఒకటే మందు!

చిన్నమ్మది వీపనగండ్ల. కృష్ణకు దగ్గరి ఊరు. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, 2016లో వనపర్తి జిల్లాలోకి వచ్చింది. చిన్నాయన వ్యవసాయం చూసుకుంటే కొట్టం సంగతి చిన్నమ్మది. మహిళా సంఘంలో అప్పు తీసుకుని రెండు జెర్సీ ఆవుల్ని కొన్నది కూడా ఆమే. పాల డబ్బుల్లోంచే నెల నెలా కిస్తీ కడుతుంది.

మొన్న వానాకాలంలో నేను వెళ్లేసరికి కొట్టంలో ఒక లేగదూడ తక్కువైంది. పెయ్యదూడ. నాలుగు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరమట. జబ్బ ముందు నిమ్మకాయంత గడ్డ కట్టిందట. పశువుల దవాఖానా డాక్టరు రక్తం చుక్క గాజుపలక మీద పూసి చూసి థైలేరియా అని తేల్చారు. ఇంజెక్షన్ ఇచ్చారు కానీ అప్పటికే రక్తమంతా పలచబడిపోయింది. దూడ నిలవలేదు. తల్లి ఆవు పాలు సగానికి పడిపోయాయి. కిస్తీ మాత్రం పడిపోదు కదా!

“ఏం మందు తెచ్చినా గిట్లనే ఉంది బిడ్డా. పొద్దుగాల కొడితే మాపటికి మళ్ల పట్కుంటున్నయి. దుకాణమాయన ఇంకో సీసా ఇస్తడు. సీసా మారుతది గని పిడుదులైతె సస్తలేవు” అంది చిన్నమ్మ.

ఖాళీ సీసాలు పారేయలేదు. చూరులో చెక్కి ఉంచింది. మూడూ దించి వెలుతురులో పెట్టి చూశాను. మూడింటికీ మూడు పేర్లు, మూడు రంగులు. పేరు కింద చీమల బారులా ఉన్న చిన్న అక్షరాలు చదివితే అసలు సంగతి తెలిసింది. రెండింట్లో ఉన్నది డెల్టామెత్రిన్. మూడోదాంట్లో సైపర్‌మెత్రిన్. అంటే మొదటి రెండూ ఒకటే మందు. మూడోది దాని తోబుట్టువు! చిన్నమ్మ మూడుసార్లు డబ్బు పెట్టింది. పిడుదుకు మాత్రం ఒక్కటే రకం దెబ్బ తగిలింది. దానికది ఎప్పుడో అలవాటు పడిపోయింది.

ఒక్క ఆడది... వేల గుడ్లు

పిడుదును కొన్నిచోట్ల గోమారి అంటారు. నిజానికి ఇది పురుగు కాదు, సాలీడుకు చుట్టం. పెద్దదానికి ఎనిమిది కాళ్లు, అప్పుడే పుట్టినదానికి ఆరు. మన దగ్గర పశువుల్ని ఎక్కువగా బాధపెట్టేవి రెండు రకాలు. ఒకటి రైపిసెఫాలస్ మైక్రోప్లస్. ఇది పిల్లగా ఒక ఆవును పట్టుకుందంటే మూడు వారాల పాటు దాని మీదే పెరిగి, జతకట్టి, కడుపు నిండా రక్తం తాగాకే కింద పడుతుంది. రెండోది హయలోమా. ఇది మధ్యమధ్యలో దిగిపోయి గోడల పగుళ్లలో, రాళ్ల సందుల్లో దాక్కుంటుంది. మళ్లీ ఎక్కుతుంది. చిన్నమ్మ దూడను చంపిన థైలేరియా సూక్ష్మజీవిని మోసేది ఈ రెండో రకమే.

మొదటి రకంలో కడుపు నిండిన ఒక్క ఆడ పిడుదు కింద రాలి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. అవి పొదిగి, గడ్డి కొసలకు పాకి, ఏదైనా పశువు రాసుకుంటూ వెళ్లేదాకా కాసుక్కూర్చుంటాయి. చల్లటి రోజుల్లో నెలల తరబడి తిండి లేకుండా ఉండగలవు. అందుకే ఆవు మీద కనిపించేవి కొన్నే. అసలు సైన్యం కొట్టంలో, గట్టు మీద గడ్డిలో ఉంటుంది.

ఈ జీవి జబ్బులు మోస్తుందని లోకానికి తెలిసింది కూడా పశువుల వల్లే. అమెరికాలో ‘టెక్సస్ జ్వరం’ మందలకు మందల్ని తుడిచిపెట్టేది. పిడుదులే ఆ జ్వరాన్ని అంటిస్తున్నాయని థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు 1893లో రుజువు చేశారు. ఇలాంటి చిన్న జీవుల ద్వారా జబ్బు పాకుతుందని పశువుల్లో నిరూపించడం అదే మొదలు. దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో. అంటే పిడుదు కథ దోమ కథ కన్నా నాలుగేళ్లు ముందు!

విషం తాగి బతికిన వంశం

మందు ఎందుకు పనిచేయడం మానేస్తుంది? డాక్టరుగారు ఈ సంగతి చెప్పబోతే చిన్నమ్మే అందుకుంది. “పత్తిల పురుగు లెక్కనే గదా సారూ!” అంది. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. 1987-88లో కోస్తా జిల్లాల పత్తి చేలల్లో ఏ మందు కొట్టినా శనగపచ్చ పురుగు చావక రైతులు కుదేలైన సంగతి మనవాళ్లకు గుర్తే. ఆ పురుగుకు అలవాటైన మందులూ, ఇవాళ పిడుదుకు అలవాటైన మందులూ ఒకే కుటుంబానివి. చామంతి జాతి పూలలో ఉండే విషాన్ని చూసి ప్రయోగశాలల్లో తయారుచేసిన పైరిత్రాయిడ్లు.

ఈ మందు పిడుదు నరాల్లో ఉండే ఓ చిన్న తలుపును మూసుకోకుండా పట్టేస్తుంది. దాంతో నరాలు ఆగకుండా కొట్టుకుని, చివరికి అది చచ్చిపోతుంది. అయితే వేలకు వేల పిడుదుల్లో ఏ ఒకటి రెండింటికో పుట్టుకతోనే ఆ తలుపు ఆకారం కాస్త తేడాగా ఉంటుంది. మందు దానికి పట్టదు. మరికొన్నింటి ఒంట్లో విషాన్ని విరిచేసే రసాయనాలు ఎక్కువగా ఊరతాయి. మందు కొట్టినప్పుడల్లా మామూలువి చస్తాయి. ఇవి మిగులుతాయి. మిగిలినదే మళ్లీ వేల గుడ్లు పెడుతుంది. మందు పిడుదును మొండిదాన్ని చేయదు. మొండివాటిని ఏరి, వాటికే కొట్టమంతా రాసిస్తుంది!

ఆస్ట్రేలియా చరిత్ర చూస్తే ఇది సీరియల్‌లా సాగింది. మొదట్లో పాషాణం కలిపిన నీళ్ల తొట్లలో పశువుల్ని ముంచేవాళ్లు. 1930లకల్లా పాషాణానికి లొంగని పిడుదులు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత డీడీటీ దిగింది. పదేళ్లలోపే అదీ నీరసపడింది. ఆ తర్వాత ఆర్గానోఫాస్ఫేట్లు, అమిట్రాజ్, పైరిత్రాయిడ్లు. అన్నింటిదీ అదే దారి. డీడీటీ, పైరిత్రాయిడ్లు దెబ్బకొట్టేది నరాల్లోని ఒకే తలుపు మీద. కాబట్టి డీడీటీకి అలవాటుపడ్డ పిడుదుకు కొత్త మందు వచ్చేనాటికే సగం చదువు పూర్తయిపోయింది. 2014లో బ్రెజిల్ దక్షిణాన ఒక పశువుల క్షేత్రంలో ఆరు కుటుంబాల మందుల్లో దేనికీ లొంగని పిడుదులు బయటపడ్డాయి. అందులో ఐవర్‌మెక్టిన్ కూడా ఉంది. కనిపెట్టిన ఇద్దరికి 2015లో నోబెల్ తెచ్చిపెట్టిన గొప్ప మందు అది.

మన దేశంలోనూ బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ (ఐవీఆర్ఐ) శాస్త్రవేత్తలు అనేక రాష్ట్రాల నుంచి పిడుదుల్ని తెప్పించి పరీక్షించారు. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్‌లకు చాలాచోట్ల అవి లొంగడం లేదని తేల్చారు. చిన్నమ్మ కొట్టం ఒంటరిది కాదన్నమాట.

కాగితం పొట్లంలో పరీక్ష

మా పరీక్ష మొదలైంది ఓ ప్లాస్టిక్ డబ్బాతో. డాక్టరుగారు మూతకు సన్న రంధ్రాలు చేశారు. రెండు ఆవుల మీది నుంచి బాగా ఉబ్బిన పిడుదుల్ని నోరు తెగకుండా మెల్లగా వేరుచేసి అందులో వేశారు. తడి దూది ముక్క పెట్టి, పైన ఊరు పేరు, తేదీ, వాడిన మందులు రాసిన చీటీ అంటించారు. తనకు తెలిసిన ఓ పశువైద్య కళాశాల ప్రయోగశాలకు పంపారు. ఆదివారం పేజీకి పనికొస్తుందన్న ఆశతో నేనూ ఆ డబ్బా వెంట వెళ్లాను.

అక్కడ జరిగే పరీక్షలు రెండు. మొదటిదాంట్లో పెద్ద పిడుదుల్ని తూకం వేసి మందు కలిపిన నీళ్లలో కాసేపు ముంచుతారు. తీసి, ఆరబెట్టి, వెచ్చగా తేమగా ఉండే పెట్టెలో ఉంచుతారు. రెండు వారాలు ఆగి అవి పెట్టిన గుడ్లను తూస్తారు. ఉత్త నీళ్లలో ముంచినవి పెట్టిన గుడ్లతో పోలుస్తారు. మందు పనిచేస్తే గుడ్ల బరువు తగ్గాలి. చంపడం ఒక్కటే కాదు, వంశం ఆపిందా లేదా అన్నది లెక్క.

రెండోది పొట్లాల పరీక్ష. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) ప్రపంచమంతటా వాడమని చెప్పినది ఇదే. వడపోత కాగితాన్ని ఆలివ్ నూనెలో కలిపిన మందుతో తడిపి ఆరబెడతారు. దాన్ని పొట్లంలా మడిచి, ఆవగింజ కన్నా చిన్నగా ఉండే పిల్లల్ని ఓ వంద దాకా కుంచెతో లోపల వేసి, క్లిప్పులు బిగిస్తారు. 24 గంటలయ్యాక విప్పి, నడవగలిగేవి ఎన్ని, కదలనివి ఎన్ని అని లెక్కపెడతారు. ఏ మందూ ఎరగని పిడుదుల జాతి ఒకటి పోల్చుకోడానికి ఉండాలి కదా! దాన్ని ఐవీఆర్ఐ వాళ్లు ‘ఐవీఆర్ఐ-1’ అన్న పేరుతో తరతరాలుగా ప్రయోగశాలలోనే పెంచుతున్నారు.

ఇందులో ఓ చిక్కుంది. పిడుదు గుడ్లు పెట్టాలి, అవి పొదగాలి, పిల్లలు రెండు వారాల వయసుకు రావాలి. అంతా కలిపి నెలన్నర పైమాటే. ఆవు మీద రక్తం తాగుతున్నవి అన్నాళ్లు ఆగవు కదా! దుకాణంలో సీసా కొనడానికి ఐదు నిమిషాలు చాలు. సరైన సీసా ఏదో తెలుసుకోడానికి ఆరు వారాలు కావాలి. పిడుదులు గెలుస్తున్నది ఈ తేడాలోనే.

వీపనగండ్ల పొట్లాలు విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. డెల్టామెత్రిన్ పూసిన కాగితం తెరవగానే, భూతద్దం అక్కర్లేకుండానే కనిపించాయి. వడిసిన నువ్వులు పరుగెత్తినట్టు నలువైపులకూ పాకుతున్నాయి. చచ్చినవాటికన్నా బతికినవే ఎక్కువ. అమిట్రాజ్ పొట్లంలో మాత్రం దాదాపు అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. ఆ రాత్రి ఫోన్లో చెబితే చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “గీ ముచ్చట నెలన్నర ముందల తెలిస్తె దూడ దక్కేదేమో బిడ్డా” అంది.

మందు కొట్టని ఆవు ఎవరిది?

పాత మందుల సంగతి ఇదైతే, కొత్తవి ఎలా వస్తాయి? ప్రయోగశాలలో పొట్లం దాటినంత మాత్రాన ఏ మందూ కొట్టంలోకి రాదు. పశువుల మీద పరీక్షించాలి. ఒకే రకం ఆవుల్ని తీసుకుంటారు. ఒక జట్టుకు కొత్త మందు ఇస్తారు, మరో జట్టుకు ఇవ్వరు. ఏ ఆవు ఏ జట్టులోకి వెళ్లాలో చీటీలు వేసినట్టు తేలుస్తారు. ముందు రోజు, తర్వాత మూడో రోజు, వారానికి, రెండు వారాలకు, మూడు వారాలకు... ఆవుకు ఒక పక్క మాత్రమే, నాలుగున్నర నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున్న పిడుదుల్ని లెక్కపెట్టి, రెండుతో హెచ్చిస్తారు. లెక్కపెట్టే మనిషికి ఏ ఆవుకు ఏమిచ్చారో చెప్పరు. తెలిస్తే కళ్లు పక్షపాతం చూపిస్తాయి!

ఇదంతా విన్న చిన్నమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. “మరి మందు కొట్టని ఆవు ఎవరిది?”

శాస్త్రమంతా తడబడే ప్రశ్న ఇది. పోల్చకుండా మందు విలువ తెలియదు. పోల్చాలంటే ఏదో ఒక ఆవు పిడుదులతో ఉండాలి. అప్పు తెచ్చి ఆవును కొన్న ఇల్లాలిని “నీది ఊరికే ఉంచుతాం” అని ఎలా అడుగుతారు? అందుకే మందివ్వని జట్టును సంస్థల సొంత క్షేత్రాల్లో ఉంచుతారు. రైతుల కొట్టాల్లో పరీక్షించేటప్పుడు చాలాసార్లు రెండో జట్టుకు ఇప్పటికే వాడుకలో ఉన్న మందు ఇచ్చి పోలుస్తారు. జబ్బు చేసిన పశువును పరీక్షలోంచి తప్పించి వైద్యం చేస్తారు. డాక్టరుగారు ఇదంతా చెప్పాక చిన్నమ్మ తలూపింది కానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు.

నాకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. చిన్నమ్మ ఆవుల మీద ఇప్పటికే మూడు ప్రయోగాలు జరిగాయి. మూడు సీసాలతో. వాటికి పోల్చుకునే జట్టు లేదు, లెక్కల పుస్తకం లేదు, ఎవరి అనుమతీ లేదు. ఓడిపోయినప్పుడు ఖర్చంతా ఆమెదే. అలాంటి ప్రయోగాలు ఊళ్లో ప్రతి కొట్టంలో ప్రతి వానాకాలం జరుగుతూనే ఉన్నాయి. విసిగిపోయి పత్తి చేనుకు తెచ్చిన మందునే ఆవుకు కొట్టేవాళ్లూ ఉన్నారు. అది పశువు ప్రాణానికీ, చేతికి తొడుగు లేకుండా కొట్టే మనిషి ప్రాణానికీ ముప్పే. పాలలోకి చేరితే తాగినవాళ్లకూ మంచిది కాదు.

సీతాఫలం గింజ... జపాను అణువు

ఆశ పెట్టుకోదగ్గవి లేకపోలేదు. జపాను కంపెనీ ఒకటి కనిపెట్టిన ఫ్లూరలేనర్ అనే అణువును 2014 నుంచి కుక్కలకు మాత్రలుగా ఇస్తున్నారు. అది పాత మందులు తాకని మరో చోట నరాలను దెబ్బతీస్తుంది. పశువులకు వీపు మీద పోసే రూపంలో 2022లో బ్రెజిల్‌లో మార్కెట్లోకి వచ్చింది. కానీ అక్కడి పిడుదుల చరిత్ర తెలిసినవాళ్లు దీన్నీ అతిగా వాడొద్దని ముందే చెబుతున్నారు. ఏ కొత్త మందుకైనా ఆయుష్షు దాన్ని వాడేవాళ్ల చేతుల్లోనే ఉంటుంది.

టీకా దారి వేరు. పిడుదు పేగులో ఉండే బీఎం86 అనే ప్రోటీన్‌ను ఆవుకు టీకాగా ఇస్తారు. ఆవు రక్తంలో దానికి విరుగుడు తయారవుతుంది. ఆ రక్తం తాగిన పిడుదు పేగు దెబ్బతిని, గుడ్లు పెట్టే శక్తి తగ్గిపోతుంది. తాగిన రక్తమే దానికి విషమన్నమాట! 1990ల్లో ఆస్ట్రేలియా, క్యూబా ఇలాంటి టీకాలను వాడుకలోకి తెచ్చాయి. క్యూబాలో రసాయనాల వాడకం బాగా తగ్గింది. కానీ అన్ని ప్రాంతాల పిడుదుల మీదా అది ఒకేలా పనిచేయదు. అందుకే మన పిడుదులకు సరిపోయే టీకా కోసం ఐవీఆర్ఐలో పరిశోధనలు సాగించారు. పిడుదు మాట ఎలా ఉన్నా, అది అంటించే థైలేరియాకు టీకా మన హైదరాబాద్‌లోనే ఉంది. ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారుచేసే ‘రక్షావ్యాక్-టి’. దాన్ని ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి దాచాలి. మారుమూల ఊరి దాకా అలా తీసుకురావడమే కష్టం.

మూడో దారి మన చెట్లది. ఐవీఆర్ఐలో శ్రీకాంత్ ఘోష్ బృందం మందులకు లొంగని పిడుదుల మీద పరీక్షించిన మొక్కల్లో ఒకటి ఏమిటో తెలుసా? ఆముదం! ఆకుల్ని ఆల్కహాల్‌లో నానబెట్టి తీసిన సారం పైరిత్రాయిడ్లకు లొంగని పిడుదుల మీద కూడా పనిచేసింది. తన పోలిక ఉన్న మొక్క చేతిలోనే పిడుదు ఓడిందన్నమాట. సీతాఫలం గింజల సారాన్నీ పలుచోట్ల పరీక్షించారు. బాలానగర్ సీతాఫలం పేరుతో దేశమంతా ఎరిగిన పండు పాలమూరుదే కదా! అయితే ఇక్కడో హెచ్చరిక. ఆ గింజల పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆముదపు గింజలో ప్రాణాంతకమైన విషం ఉంటుంది. ప్రయోగశాలలో కొలిచి తీసిన సారం వేరు, ఇంట్లో నూరి పూయడం వేరు.

ఇంట్లో చేసుకోగలిగినదాన్ని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ (ఎన్‌డీడీబీ) ప్రచారం చేస్తోంది. పది వెల్లుల్లి రెబ్బలు, గుప్పెడు చొప్పున వేపాకు, వేపకాయలు, తులసి, లాంటానా ఆకులు, 10 గ్రాముల వస కొమ్ము, 20 గ్రాముల పసుపు నూరి, లీటరు నీటిలో కలిపి వడగట్టాలి. ఎండపొద్దున ఆవు ఒంటికీ, గోడ పగుళ్లకూ వారానికోసారి కొట్టాలి. పిడుదులు తక్కువగా ఉన్నప్పుడు మొదలుపెడితే మంచిది. జ్వరం వచ్చాక దీన్ని నమ్ముకుని కూర్చోకూడదు, డాక్టరును పిలవాల్సిందే.

తూర్పు ఆవు చర్మం

కొట్టం ముందు చిన్నాయన ఓ మాటన్నాడు. “మా నాయన దినాలల్ల గింత మందు లేదు, గిన్ని పిడుదులు లేవు.” అది ఉత్త పాతకాలపు బడాయి కాదు. మూపురమున్న మన దేశవాళీ పశువులు వేల ఏళ్లుగా పిడుదులతో కలిసి బతికాయి. వాటి చర్మం పిడుదును గుర్తించి ఎదురుతిరుగుతుంది, అవి ఒళ్లు నాక్కుని రాల్చేసుకుంటాయి. చల్లటి దేశాల నుంచి వచ్చిన జెర్సీ, హెచ్ఎఫ్‌లకు ఆ విద్య రాదు. పాలెక్కువ, రక్షణ తక్కువ.

మన పక్క నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు నల్లమల్లో లంబాడీలు మేపే మచ్చల ఆవులున్నాయి. పొడ తూర్పు అంటారు. 2020లో దానికి ప్రత్యేక జాతిగా జాతీయ గుర్తింపు వచ్చింది. అడవిలో మేసి, కొండలెక్కి బతికే ఆవులవి. చిన్నమ్మ జెర్సీలను అమ్మేసి వాటిని తెచ్చుకోవాలని ఎవరూ అనరు, ఆ పాలతో కిస్తీ కట్టలేదు. కానీ పాలతోపాటు ఒంటి సత్తువనూ చూసి సంకర జాతుల్ని ఎంచుకోవాలన్న పాఠం మాత్రం ఆ మచ్చల చర్మం మీద రాసి ఉంది.

సున్నపు గీతలు

ఫలితం వచ్చాక డాక్టరుగారు మందు మార్చారు. పేరు కాదు, కుటుంబం మార్చారు. కొలతా మార్చారు. అంతకుముందు చిన్నమ్మ అందాజాగా ఒక మూత పోసేది. దాంతో బలహీనమైనవి చచ్చి గట్టివి మిగిలేవి. ఇప్పుడు సీసా మీద రాసినట్టు సూదిలేని సిరంజితో కొలుస్తుంది. ఒళ్లంతా తడిసేలా, చెవుల లోపల, తోక కింద, తొడల మధ్య కూడా కొడుతుంది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. గోడల పగుళ్లు చిన్నాయన మట్టితో మెత్తి, సున్నం వేశాడు. పెబ్బేరు సంతలో కొత్త పశువును కొంటే మూడు వారాలు దూరంగా కట్టేసి, చూశాకే మందలో కలపాలని అనుకున్నారు. కోళ్లను కొట్టంలోకి తోలుతోంది, కింద రాలినవాటిని అవి ఏరుకు తింటాయి.

పిడుదులు పూర్తిగా పోలేదు, పోవు కూడా. తగ్గాయి. ఆవు పాలు మెల్లగా పెరిగాయి. దూడ పోయిన నష్టం అలాగే ఉంది, రెండు కిస్తీలు వెనకబడ్డాయి.

మనిషికి జ్వరమొస్తే రక్తపరీక్ష చేయకుండా మందు రాస్తే ఈ రోజుల్లో ఊరుకోం. పశువు విషయంలో మాత్రం సీసా తర్వాత సీసా మారుస్తూ పోతాం. కొన్ని మండలాలకు కలిపైనా ఒక చోట ఈ పొట్లాల పరీక్ష ఏడాదికోసారి జరిగితే? ఈ ఏడు ఈ ప్రాంతంలో ఏ కుటుంబం మందు పనిచేస్తోందో పశువుల దవాఖానా గోడ మీద ఓ కాగితం అంటిస్తే? అందుకు కావాల్సినవి వడపోత కాగితం, క్లిప్పులు, కొంచెం ఓపిక. ఒక్క రైతు ఆరు వారాలు ఆగలేడు. ఊరు కోసం ముందే చేసిపెట్టిన పరీక్షకు ఎవరూ ఆగక్కర్లేదు.

మొన్న ఫోన్ చేస్తే చిన్నమ్మ చెప్పింది. కొట్టం గోడ మీద మందు కొట్టినప్పుడల్లా బొగ్గుతో తేదీ, మందు పేరు రాయిస్తోందట, పదో తరగతి చదివే మనవరాలితో. పక్కింటివాళ్లు కూడా చూసి వెళ్తున్నారట. “పేరు కాదే, కింద సన్నగ రాసినది రాయి అని చెప్పిన” అంది. సున్నం వేసిన ఆ గోడ మీద నల్లటి అక్షరాలు బాగా కనిపిస్తున్నాయట!